సంతకం చోట వేలు

ఉయ్యూరు నుంచి బెజవాడ వెళ్లే బస్సులో ఆదాయపు పన్ను కాగితాలు ఒళ్లో పెట్టుకుని తికమకపడుతున్నాను. మా కంపెనీ ఉద్యోగులకు సగం ధరకిచ్చిన షేర్లను ఆ ఏడు అమ్మాను. వచ్చిన దాంట్లో దశమ భాగం మా చర్చి సంఘానికి అర్పించి, మిగిలిందే అమ్మకం ధరగా రాశాను. దేవుని సొమ్ము నాదెలా అవుతుంది?

పక్క సీటు పెద్దాయన తొంగిచూసి, "ఎంతకమ్మారండీ?" అన్నాడు. చెప్పాను.

"మరి తక్కువ రాశారేంటి?"

"దశమ భాగం తీసేశానండి."

"భలేవారే! దేవుడికిచ్చింది అమ్మాకే కదండీ. మొత్తం రాయాలి. మరి కొన్న ధరో?"

"నేను కట్టిన సగమే."

"మిగతా సగాన్ని మీ జీతంలో కలిపి పన్ను పట్టుకున్నారా? పట్టుకునుంటే కొన్న ధర పూర్తిగా రాసుకోవచ్చు."

నాకు తెలియదు. తెలుసనుకున్నది కూడా గందరగోళమైపోయింది.

'పైన రాసినదంతా సత్యం' అన్న వాక్యం కింద, సంతకం చోట ఆయన వేలు పెట్టాడు. "తెలిసేదాకా ఇక్కడ మాత్రం పెట్టకండి" అని కంకిపాడులో దిగిపోయాడు.

నేను బెజవాడలో దిగి, కాగితాలు దాఖలు చేయకుండానే ఉయ్యూరుకు తిరుగు బస్సెక్కాను. కంపెనీలో జీతాల గుమాస్తాను అడిగి, అంతా తిరగరాశాకే సంతకం చేశాను.

ఇప్పటికీ ప్రార్థన చివర, 'ఇది సత్యం' అని అర్థమొచ్చే 'ఆమేన్' అనబోతూ ఒక్క క్షణం ఆగుతాను. ఆ వేలు కనిపిస్తుంది.