జీడితోటలో నేను పెట్టిన నిప్పు

మంగళవారం పొద్దున్న కంచిలి నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త ఇక లేదు. చెబుతున్న వదిన గొంతులో ఏడుపు కన్నా అలసటే ఎక్కువ. ఏడాదిగా ఆ ఇంట్లో అందరూ అత్త దగ్గు వింటూనే బతికారు.

అత్తకి ఊరవతల జీడితోట ఉండేది. జీడిపిక్కలు ఏరే కాలానికి ముందు చెట్ల కింద రాలిన ఆకు తీసెయ్యాలి. చాలామంది కుప్పచేసి తగలబెడతారు. అత్త మాత్రం బుట్టలకెత్తి, గోతిలో వేసి మట్టి కప్పేది.

"ఎండిపోనాదని సచ్చిపోనేదు అల్లుడా ఈ ఆకు. అగ్గి కోసం సూత్తా ఉంటాది," అనేది. నేను నవ్వేవాణ్ని.

అంతకుముందు తుఫానుకి కూలిన మాన్లు నిరుడు తోటల్లో అలాగే ఎండి పడున్నాయి. చాన్నాళ్లుగా వాన చుక్క లేదు. ఒక మధ్యాహ్నం, ఆమె తోటని ఆనుకున్న మా తోటలో, నేను ఆకుకుప్పకి నిప్పంటించాను. ఒక్క గాలివిసురుకి కుప్ప చెదిరింది. ఎండుమాను అంటుకుంది. చూస్తుండగానే మంట అత్త తోటలోకి పాకింది. జీడిపిక్క కాలితే నూనె చిమ్ముతుంది. ఆ పొగ గొంతు కోసేస్తుంది.

తోట చివర వలసకూలీల పాకలున్నాయి. పరిగెత్తుకొచ్చిన అత్త తన చెట్ల వంక చూడనైనా లేదు.

"ఏటి సూత్తన్నావు? పార అందుకో! పాకల ముందర గడ్డి సెక్కీ!"

చెంగు ముక్కుకి కట్టుకుని ముందు తనే దిగింది. కూలీలూ మేమూ కలిసి మట్టి తేలేదాకా నేల చెక్కాం. పాకలు మిగిలాయి. తోట మిగల్లేదు. బావినీళ్ల మీద బూడిద తెట్టుకట్టింది. చెట్ల మొదళ్లలో తొండలు బొగ్గయి పడున్నాయి. ఏరడానికి పిక్కల్లేక, కూలీలు ఆ నెలలోనే మూటలు సర్దుకుని వెళ్లిపోయారు.

నిప్పెలా అంటుకుందని ఊరడిగితే, "గాలి తెచ్చినాది," అంది అత్త.

ఆ పొగకి పట్టుకున్న దగ్గు ముదిరి అత్త పలాస ఆసుపత్రిలో చేరింది. ఆమె మంచం పక్కన కూర్చుని, "అత్తా, ఆ రోజు నేనే..." అన్నాను.

"తెలుసు. నీ సేతిలో అగ్గిపెట్టి సూసినాను." దగ్గు తగ్గేదాకా ఆగింది. "నాను సెప్పను. నువ్వే సెప్పాల. నాను పోయినాకైనా."

అందుకే ఇది రాస్తున్నాను.

దహనం ముగించుకుని తిరిగొస్తుంటే, దారిపక్క తోటలో ఒకాయన ఆకు కుప్ప చేస్తున్నాడు. ఆగి, ఆయనకి అంతా చెప్పాను. ఓపిగ్గా విని తలూపాడు. నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను. కుప్ప ముందు గొంతుక్కూర్చుని, గాలికి ఆరకుండా అగ్గిపుల్లకి అరచెయ్యి అడ్డుపెడుతున్నాడు.