ఎత్తుకెత్తు బంగారం, వదులు నేత గుడ్డ

2019 వేసవిలో నేను నాచారంలోని ఒక మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజర్‌గా చేరాను. నిరుడు, యాభై నాలుగో ఏట, మోకాళ్లు మొరాయించి ఉద్యోగం మానేశాను. చేరిన ఏడాది జరిగిన ఒక సంగతిని అక్కడ ఇప్పటికీ తప్పుగానే చెప్పుకుంటున్నారు. పేరు నాకొచ్చింది కనుక సరిచేయాల్సిందీ నేనే.

మా బ్లాకులో మందు ద్రావణంలోకి ఒత్తిడితో హైడ్రోజన్ పంపేవాళ్లం. ఆ చర్య నడవడానికి పల్లాడియం అనే లోహం పట్టించిన బొగ్గుపొడి వేస్తాం. పని అయ్యాక పొడిని గుడ్డ ఫిల్టర్‌లో వడకట్టి, ఆరితే నిప్పు అంటుకుంటుంది కనుక తడిగానే డబ్బాల్లో నింపి, లోహాన్ని తిరిగి తీసే రిఫైనరీకి పంపుతాం. ఆ ఏడాది పల్లాడియం ధర బంగారాన్ని దాటింది. ఎత్తుకెత్తు బంగారం అని మనం మాటవరసకు అంటాం. ఆ లోహం విషయంలో అది తక్కువ చేసి చెప్పడమే.

షిఫ్ట్ ఇన్‌ఛార్జి యాదగిరి ఉప్పల్ నుంచి బైక్ మీద వచ్చేవాడు. పొడి ఉంచే గది తాళంచెవి అతని దగ్గరే ఉండేది. డైరెక్టర్ వచ్చినప్పుడల్లా నేను అతని భుజం తట్టి, "మా యాదగిరి ఎత్తుకెత్తు బంగారం" అనేవాణ్ణి.

వానలు పడేసరికి రిఫైనరీ రిపోర్టుల్లో లోహం తగ్గుతూ వచ్చింది. డైరెక్టర్ దొంగతనమన్నారు. నేను కాదనలేదు. గేటు దగ్గర మా బ్లాకు వాళ్లకు తనిఖీ పెట్టించాను: జేబులు, టిఫిన్ డబ్బాలు, బూట్లు. నెలాఖరులోగా దొంగ తేలకపోతే యాదగిరిని తీసేయమని ఆదేశం వచ్చింది.

ఆ కబురు విని అతను నా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, నన్ను బంగారం అంటరు గద. గందుకేనా బూట్లిప్పి సూస్తున్నరు?"

రూలు అందరికీ ఒకటే అన్నాను.

"అందరికేడుంది సార్, మా బ్లాకోళ్లకే గద. క్యాంటీన్ల నేను పక్కన కూసుంటే జేబులు తడుముకుంటున్నరు."

సంతకం కోసం వచ్చిన క్వాలిటీ కంట్రోల్ కెమిస్ట్ సునీత అక్కడే నిలబడి ఉంది. మందు ద్రావణం గుడ్డ దాటాక ఇంకో సన్నని ఫిల్టర్ గుండా పోతుంది. ఆమె దాని సంగతి ఎత్తింది.

"ఆ రెండో ఫిల్టర్ ఈ మధ్య ఊకె మూసుకుపోతుంది సార్. గుడ్డ ఏమన్నా మార్చిన్రా?"

మార్చింది నేనే. వడపోత త్వరగా కావాలని, చేరిన కొత్తలోనే వదులు నేత గుడ్డ వేయించాను. రాతపూర్వకంగా తీసుకోవాల్సిన అనుమతి తీసుకోలేదు. వడకట్టాక ఆ పొడిని సాల్వెంట్‌తో కడుగుతాం. కడిగిన సాల్వెంట్‌కు రెండో ఫిల్టర్ లేదు, నేరుగా దాన్ని మరిగించి శుద్ధి చేసే చోటికి పోతుంది. పొడి గుడ్డను దాటుతుంటే చేరేది అక్కడి అడుగు మడ్డిలోకే. ఆ మడ్డిని డ్రమ్ముల్లో నింపి, వ్యర్థాలతో పాటు కాల్చడానికి పంపించేస్తాం.

ఆ మాట చెప్పాను. "ఆ డ్రమ్ములు ఇప్పుడే లారీ ఎక్కినయ్ సార్" అంటూ యాదగిరి తలుపు దాటేశాడు.

మేము గేటు చేరేసరికి షిఫ్ట్ మారే వేళ. మా బ్లాకు వాళ్లు బూట్లు విప్పుతూ వరుస కట్టి ఉన్నారు, లారీ వాళ్ల వెనక హారన్ కొడుతోంది. నేను పెట్టించిన తనిఖీ ఉపయోగపడింది ఆ ఒక్కసారే. యాదగిరి లారీ ముందు నిలబడ్డాడు.

"దించు అన్నా. మా బంగారం ఉంది అండ్ల."

"గీ మురికిలనా? నీకేమైంది తమ్మీ?" అన్నాడు డ్రైవర్.

సునీత గేటు దగ్గరే నమూనా తీసింది. సాయంత్రానికి ల్యాబ్ నుంచి ఫోన్ చేసి, "ఉంది సార్, మస్తుంది" అంది. తర్వాత మడ్డిని రిఫైనరీకి పంపితే, తగ్గిన లోహమంతా దాదాపుగా తిరిగొచ్చింది.

ఆ రిపోర్టు వచ్చిన రోజు తనిఖీ ఎత్తేశారు. సెక్యూరిటీ వాళ్లు లేచి నిలబడి సెల్యూట్ చేస్తుంటే, యాదగిరి బైక్ హారన్ మోగిస్తూ గేటు దాటాడు. వెనక మా బ్లాకు మొత్తం ఈలలు. "జర పైలం, బంగారం పోతుంది" అని ఎవరో అరిచారు. పక్క బ్లాకు వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు.

మేనేజర్ నిఘా వల్లే సొత్తు దొరికిందని డైరెక్టర్ క్యాంటీన్‌లో ప్రకటించి నాకు శాలువా కప్పారు. నేను కప్పించుకున్నాను. నిజానికి నా నిఘాలో ఏమీ దొరకలేదు. అడగాల్సింది అడిగింది సునీత, లారీ ఆపింది యాదగిరి, గుడ్డ మార్చింది నేను.

పాత నేత గుడ్డ లారీ ఆపిన మర్నాడే తిరిగి వేయించాను. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, లెక్కలో తేడా వస్తే ముందు నేను మార్చిందేమిటో చూసుకున్నాను. ఏ మనిషినీ మళ్లీ బంగారం అనలేదు. ఆ మాటతో యాదగిరికి నా వల్ల ఒరిగింది గేటు దగ్గర బూట్లు విప్పడమే.