సాసర్ కింద సుద్దగీత

నా చిన్నప్పుడు చిక్కడపల్లిలో మేమున్న కిరాయి ఇంట్లో సాయంత్రం చాయ్ తాతయ్యే పెట్టేవాడు. నారాయణగూడలో ప్రెస్సు పని ముగించుకుని, దారిలో పసుపు ప్యాకెట్ టీ పొడి తెచ్చేవాడు. మొదటి కప్పు నాయనమ్మ చేతికిచ్చాకే తను తాగేవాడు. మగవాళ్లు వంటింట్లో అడుగుపెట్టని రోజులవి. ఆయన పోయాక నాయనమ్మ ఆ పసుపు ప్యాకెట్ తప్ప ఇంకోటి ముట్టలేదు. కళ్లు మూసుకున్నా ఆయన చాయ్ గుర్తుపడతానని వచ్చినవాళ్లందరికీ చెప్పేది.

అప్పుడే మా చిన్నాయనకు వేరే టీ కంపెనీలో ఉద్యోగం దొరికింది. రాంనగర్, అశోక్‌నగర్ దుకాణాల ముందు రెండు కప్పుల్లో రెండు రకాల చాయ్ పోసి, మీకు అలవాటైనది ఏదో చెప్పమనడం ఆయన పని. చాలామంది ఆయన కంపెనీ చాయ్‌నే తమదని చూపించేవాళ్లట. జనం నాలుకను కాదు, ప్యాకెట్ మీది బొమ్మను నమ్ముతారని నవ్వేవాడు. ఆ సరదా ఒక ఆదివారం ఇంటికి తెచ్చాడు. తన కంపెనీ చాయ్ ఉన్న సాసర్ కింద సుద్దతో గీత గీసే పని నాకప్పగించాడు. ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు.

నాయనమ్మ రెండూ రుచి చూసింది. రెండో కప్పు చేతిలో పట్టుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుని, "గిదే. మీ నాయన పెట్టినట్టే ఉన్నది" అంది. నేను ఆగలేదు. సాసర్ లాక్కుని తిప్పి, గీత చూపించి చప్పట్లు కొట్టాను.

ఆమె కోప్పడలేదు. కప్పు కింద పెట్టి, "గప్పుడే మర్చిపోయిన్నా ఆయనను?" అని మెల్లగా అంది. మమ్మల్ని అడిగినట్టు లేదు.

మర్నాడు చిన్నాయన నన్ను పక్కకు పిలిచి, సాసర్లు నేనే తారుమారు చేశానని చెప్పమన్నాడు. చెప్పాను. "ఔనమ్మా, నువ్వు పట్టుకున్నదే నాయన చాయ్" అని తనూ వంత పాడాడు. నాయనమ్మ ఆయన వైపు చూసి, "అబద్ధమాడితే చిన్నప్పటి సంది చెవి పట్టుకుంటవు బిడ్డా" అంది. చిన్నాయన చెయ్యి చెవి మీదే ఉంది.

మా కోసం ఆ పూట ఒక కప్పు తాగింది. మళ్లీ చాయ్ ముట్టలేదు. పసుపు ప్యాకెట్ మాత్రం నెలనెలా తెప్పించి, మేం తాగుతుంటే చూస్తూ కూర్చునేది. రెండు కప్పుల పని చిన్నాయనకు తప్పలేదు, అది బతుకుదెరువు. కానీ ముసలివాళ్లు వస్తే ఏమీ అడగకుండా ఒక్క కప్పే ఇచ్చి పంపేవాడట.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నేను పసుపు ప్యాకెట్ తీసుకుంటుంటే, "అన్నీ ఒకటే అమ్మమ్మా, పేరుకే పైసలిస్తున్నవ్" అంటాడు మనవడు. నిజమే అంటాను. ఆ రోజు నేను చూపించిన గీత కూడా నిజమే. ఎవరైనా ఇది మావాళ్లదే అని దేన్నైనా గుండెకు హత్తుకుంటే, నేను కిందికి తిప్పి చూడను. ఆ చప్పట్లు నా చేతులకు ఇంకా గుర్తున్నాయి.