నెయ్యి, మిరియం కలిపిన పసుపు ఉండలు

మా తాతయ్య సాంబమూర్తి ముప్పై ఏళ్లు ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేశాడు. మనిషి ఒంటిని కూడా లారీ ఇంజనులాగే చూసేవాడు. నాయనమ్మ భద్రమ్మకు మోకాళ్లు పట్టేస్తే పసుపు నీళ్లు తాగించాడు. రెండు నెలలైనా గుణం కనపడలేదు.

"పసుపు ఊరికే లోపలికెళ్లి బయటికొచ్చేస్తంది. గ్రీజు లేకుండా బేరింగు తిరుగుద్దా?" అని దుగ్గిరాల పసుపులో మిరియాల పొడి, నెయ్యి కలిపి ఉండలు కట్టాడు. మిరియాలు దంచడం నా పని. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని కదా.

నెల తిరక్కుండా నాయనమ్మ గుణదల కొండ మెట్లెక్కి వచ్చింది.

"డాక్టర్ సాంబమూర్తి గారూ, నమస్కారమండీ" అన్నాను.

"ముందు ఫీజు కట్టి మాట్లాడు" అన్నాడు తాతయ్య.

మరుసటేడు నాయనమ్మ గుండె లయ తప్పింది. రక్తం పల్చబడే మాత్ర రాస్తూ, "ఇంకేమన్నా మందులు వాడుతున్నారామ్మా?" అని డాక్టరమ్మ అడిగింది. లేదండీ అని ముగ్గురం తలూపాం. పసుపూ మిరియాలూ పోపుల డబ్బాలోవి. వాటిని మందులని ఎవరనుకుంటారు?

ఓ పొద్దున ముఖం కడుక్కుంటుంటే ఆమె పళ్ల సందుల్లో ఎరుపు కనిపించింది.

"ఏంటి నాయనమ్మా, తాతయ్యకి పెట్టకుండా ఒక్కదానివే కిళ్లీ వేశావా?"

నవ్వి నవ్వి పుక్కిలించింది. "మీ తాతకి చెప్పమాకే. కంగారుపడి ఉండలు మానిపిస్తాడు. మళ్లీ మోకాళ్లు పట్టేస్తయ్."

నేను చెప్పలేదు.

పదో రోజున స్నానాలగదిలో జారింది. పైకి చిన్న దెబ్బే, తల లోపల రక్తం ఆగలేదు. ఆసుపత్రిలో తాతయ్య జేబులోంచి ఉండల డబ్బా తీసి, "ఇది పెట్టొచ్చాండీ?" అని అడిగాడు. డాక్టరమ్మ ఒక ఉండ తీసి వాసన చూసి, ఏమేం కలిపారో అడిగి తెలుసుకుంది.

"మిరియం పసుపునే కాదండీ, కొన్ని మాత్రల్ని కూడా ఒంట్లో ఎక్కువగా నిలపొచ్చు. పసుపుకీ రక్తాన్ని పల్చన చేసే గుణం ఉంది. ఇదే కారణమని చెప్పలేను. ముందే చెప్పుంటే ఆపించేదాన్ని."

నాయనమ్మ ఇంటికి రాలేదు.

దినాలయ్యాక తాతయ్య అడిగాడు. "ముందే ఏవన్నా కనపడిందా, సాయిశ్రీ?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఎరుపు చూశానని, కిళ్లీ అని ఏడిపించానని, చెప్పొద్దంటే ఊరుకున్నానని అంతా చెప్పేశాను.

తాతయ్య ఖాళీ డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

"నవ్విందా?"

"నవ్వింది తాతయ్యా."

"ఎట్టా?"

అచ్చం నాయనమ్మలా నవ్వి చూపించడం నాకు ఎప్పుడూ చేతనయ్యేది. ఆ రోజు రాలేదు.