నాలుగు మూలలా పసుపు

మా నాన్నగారిది తణుకులో బెల్లం కొట్టు. పసుపు పెట్టని కాగితం మా గడప దాటకూడదని ఆయన పట్టింపు. శుభలేఖైనా, కొట్టు పుస్తకమైనా, ఆఖరికి నా హాల్ టికెట్టైనా సరే, నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమబొట్టు పడాల్సిందే. "పసుపు లేకుండా వచ్చేది చావు కబురేనే అమ్మాయ్" అనేవారు.

ఎనభైల మొదట్లో ఎమ్మెస్సీ ముగించి, కెనడాలో పై చదువుకి అప్లై చేశాను. ఒక్క యూనివర్సిటీకే. అప్లికేషన్ ఫీజు డాలర్లలో కట్టాలి, ఆ డ్రాఫ్టు కోసం బ్యాంకు చుట్టూ నెలన్నర తిరగాల్సొచ్చింది. ఇంకోదానికి తిరిగే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. అదృష్టం, వాళ్ళు సీటిస్తామన్నారు, ఫీజు మాఫీ చేస్తామన్నారు. ఒకటే షరతు: మా యూనివర్సిటీ సీలు వేసిన కవర్లో నా మార్కుల కాగితం గడువులోగా చేరాలి. మాఫీ లేకపోతే, కొట్టు గోడలతో సహా అమ్మినా మొదటి ఏడాదికి చాలదు. సీటుంటే కెనడా, లేకపోతే వేసవిలో పెళ్ళి. ఇంట్లో నాకూ వాళ్ళకీ కుదిరిన మాట అది.

విశాఖలో మూడు రోజులు కౌంటర్ల దగ్గర పడిగాపులు కాసి ఆ కవరు తెచ్చాను. అంటించినచోట గుండ్రటి స్టాంపు, దాని మీద అడ్డంగా సంతకం. నాన్నగారు అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఏంటే ఇది? నీ మార్కులు నీకే కనపడకుండా అంటించేశారు?"

"మీకు తెలీదులెండి నాన్నగారూ" అన్నాను.

రెండు ముక్కలు విడమర్చి చెబితే నా సొమ్మేం పోయేది? చదువుకున్నదాన్నన్న పొగరు, ఇంకేంటి! తలుచుకుంటే ఇప్పటికీ నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

అన్నవరం తీసుకెళ్ళి స్వామి పాదాల దగ్గర పెట్టించుకొస్తానన్నారు. సరేనన్నాను. తెల్లారగట్ల నేను లేవకముందే వెళ్ళి, సాయంత్రానికి ప్రసాదంతో పాటు కవరు తెచ్చిచ్చారు. చూడ్డానికి ఎలా ఇచ్చానో అలాగే ఉంది. మర్నాడు రిజిస్టరు చేసి పంపేశాను.

రెండు నెలలకి జవాబొచ్చింది. కవరు ఎవరో విప్పి మళ్ళీ అంటించారని, లోపలి కాగితం మీద మరకలూ ఏదో రాతా ఉన్నాయని, అది చెల్లదని రాశారు. గడువు దాటింది, సీటు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. నా కాగితం కూడా వెనక్కి పంపారు. నాలుగు మూలలా పసుపు, నడుమ కుంకుమ, పైన నాన్నగారి దస్తూరీలో "శ్రీ".

అన్నవరం బయల్దేరేముందే ఎసటి ఆవిరి మీద పట్టి విప్పారట. మైదా ఉడికించి అంటించారట.

"లోపలి కాగితానికి పెట్టాలి కదే తల్లీ, పైకవరుకి పెడితే ఏం లాభం?" అన్నారు. ఏం జరిగిందో ఆయనకింకా అర్థం కాలేదు.

"నా నోట్లో మట్టి కొట్టారు కదండీ! పాడు చెయ్యి, పాడు పసుపూ!" అని అరిచాను. అమ్మ పరిగెత్తుకొచ్చి నా నోరు మూసింది. ఆయన తడిగుడ్డ తెచ్చుకుని ఆ కాగితం మూలలు తుడవబోయారు. పసుపు ఇంకా పాకింది.

వేసవిలో నా శుభలేఖలు అచ్చయి వచ్చాయి. చాప మీద కట్టలు, పళ్ళెంలో తడిపిన పసుపు. మొదటి కార్డుకి ఇంటి పెద్దే పెట్టాలి కాబట్టి అందరూ ఆయన కోసం ఆగారు. ఆయన పళ్ళేన్ని బాబాయి ముందుకి జరిపారు.

"మీరు పెట్టండి నాన్నగారూ" అన్నాను. ఆ పెళ్ళంటే నాకు ఏడుపొస్తోంది, అయినా అన్నాను.

"నాకు తెలీదులే తల్లీ" అని లేచి కొట్టుకి వెళ్ళిపోయారు.

నా పెళ్ళి శుభలేఖల్లో ఒక్కదాని మీద కూడా మా నాన్నగారి చేతి పసుపు లేదు.