బెర్నడీన్‌కి నచ్చని ఊరు

మా ఈరీ నగరాన్ని తిట్టే హక్కు మా ఊరివాళ్లకే ఉంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సూర్యుడి మొహం కనపడదు. ఊరిని ఆనుకున్న సరస్సు మీంచి వచ్చిన మంచు ఒక్క రాత్రిలో కార్లని పూడ్చేస్తుంది. రైలింజన్ల ఫ్యాక్టరీలో పని తగ్గిపోయాక తూర్పు వీధుల్లో సగం ఇళ్లకి రంగు వేయించే దిక్కు లేదు. ఇదంతా మేం రోజూ చెప్పుకుని ఏడుస్తాం. పై ఊరివాడెవడైనా ఇదే మాటంటే మొహం వాచేలా చివాట్లు పెట్టి పంపుతాం. మా పక్కింటి బెర్నడీన్ సోబ్‌చాక్ ఈ విషయంలో మా అందరికన్నా రెండాకులు ఎక్కువే చదివింది.

ఆమె మా పేటలోని సూపర్ మార్కెట్లో క్యాష్ కౌంటర్ దగ్గర పనిచేసేది. పెళ్లి కాకముందు చేరిన ఉద్యోగం. ఆమె చేతులు ఎంత చురుగ్గా ఆడేవంటే, పక్క కౌంటర్ ఖాళీగా ఉన్నా జనం ఆమె వరసలోనే నిలబడేవాళ్లు. పలకరింపులు ఉండేవి కావు. ఎంతయిందో చెప్పడం, "తర్వాతెవరు" అనడం, అంతే. కానీ మన సంచిలో కుళ్లిన టమాటా ఉంటే తనే తీసి అవతల పారేసి, వెళ్లి మంచిది తెచ్చుకోమన్నట్టు గడ్డం ఊపేది. ఎప్పుడైనా గుడ్ల అట్ట తెరిచి చూడకుండా సంచిలో పెట్టిందంటే నాకు తెలియదు. మా ఊళ్లో మర్యాద అంటే అదే. నోటితో తేనె కారిస్తే మాకు అనుమానం.

మాటలన్నీ ఆమె భర్త లెనార్డ్ వాటాకి వచ్చాయి. ఫ్యాక్టరీలో లేత్ మెషీను మీద పనిచేసి రిటైరైన మనిషి. వీధిలో కుక్క ఎదురొచ్చినా నిలబడి యోగక్షేమాలు కనుక్కునేవాడు. మా ఆయన పోయిన దగ్గర్నుంచి నా ఇంటి ముందు మంచు కూడా ఆయనే తీసేవాడు. నేను అడిగిందీ లేదు, ఆయన చెప్పిందీ లేదు. మా వీధిలో అంతే. తెల్లారి ముందు లేచినవాళ్లు పార తీసుకుని పక్కవాళ్ల గుమ్మం దాకా శుభ్రం చేసేస్తారు. మళ్లీ మంచు పడ్డప్పుడు రెండోవాళ్లు ముందు లేవాలి. లేవకపోయినా ఎవరూ ఏమీ అనరు, కానీ వీధి అంతా చూస్తుంది.

ఒక ఫిబ్రవరిలో అలా మంచు తీస్తూనే లెనార్డ్ గుండె పట్టుకుని మెట్ల మీద కూర్చుండిపోయాడు. సమయానికి ఆసుపత్రికి చేర్చబట్టి బతికాడు. ఇంకెప్పుడూ పార ముట్టుకోకూడదనీ, వీలుంటే మంచు పడని ఊరికి మారమనీ డాక్టరు గట్టిగానే చెప్పాడు. లెనార్డ్ తమ్ముడు ఎప్పుడో దక్షిణాన టెనెసీ రాష్ట్రంలోని చాటనూగాలో స్థిరపడ్డాడు. అక్కడికి రమ్మన్నాడు. బెర్నడీన్ ఎదురు చెప్పలేదు. మొగుడి ప్రాణం కన్నా ఊరు ఎక్కువా అనుకుంది. ఇల్లు మాత్రం అమ్మనివ్వలేదు. వాళ్ల దూరపు బంధువుని అందులో ఉంచి, వేసవిలో సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

ఇక ప్రతి ఆదివారం ఫోనే. ఆమెని పెళ్లి నాటి నుంచీ ఎరుగుదును, అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. మొదటి ఆదివారం కొట్ల గొడవ. మా రాష్ట్రంలో బట్టల మీద పన్ను లేదు కాబట్టి పక్క రాష్ట్రాల నుంచి ఒహాయో వాళ్లూ న్యూయార్క్ వాళ్లూ కార్లేసుకుని వచ్చి మా మాల్ మీద పడతారు, పార్కింగ్ దొరక్క మేం వాళ్లని తిట్టుకుంటాం. అక్కడ బట్టల మాట దేవుడెరుగు, పాల మీదా రొట్టె మీదా కూడా పన్నేనట. మనం తినే నల్లటి గట్టి రై రొట్టె అడిగితే తెల్లటి దూదిలాంటిది చేతిలో పెట్టారట. మన తాతలనాటి పోలిష్ మాంసం సాసేజ్ అని రాసి ఉన్నది కొనుక్కెళ్లి వండితే లెనార్డ్ కూడా మొహం చిట్లించాడట. లెనార్డ్ మొహం చిట్లించాడంటే అది కుక్క కూడా తినని సరుకే అయి ఉండాలి.

కొట్లో సంచులు మోసుకొచ్చి కారులో పెట్టడానికి ఒక మనిషి ఉంటాడట. వద్దన్నా వినడట, పైసా పుచ్చుకోడట. లెనార్డ్ చేత ఒక్క సంచి కూడా ఎత్తనివ్వరని చెబుతూ, "మనకి చేతులు పడిపోయాయనుకుంటారే," అని మండిపడింది. నాకైతే ఆ మాట విని ప్రాణం కుదుటపడింది.

మనుషుల సంగతి ఇంకో ఆదివారం. పరిచయమైన ప్రతివాళ్లూ మొదట అడిగేది ఏ చర్చికి వెళ్తారనట. ఎదురింటావిడ వచ్చి, మా ఇంటికి ఎప్పుడైనా సరే రండి, మొహమాటపడకండి అని చేతులు పట్టుకుని చెప్పింది. బెర్నడీన్ ఆ మాట నమ్మింది. మా ఊళ్లో రమ్మని ఎవరూ పిలవరు, వెళ్తే కుర్చీ లాక్కోమంటారు. పిలిచారంటే నిజంగానే రమ్మని. గసగసాల రొట్టె చేసుకుని మర్నాడే వెళ్లి తలుపు కొట్టింది. ఆవిడ నవ్వు చెదరకుండా వరండాలోనే కూర్చోబెట్టి, చక్కెర పాకంలాంటి చల్లటి టీ ఇచ్చి, రొట్టె వాసన చూసి ఎంతో మెచ్చుకుని, లోపలికి మాత్రం రమ్మనలేదు. అది ఊరికే అనే మాటని లెనార్డ్ తమ్ముడు తర్వాత చెబితే సిగ్గుతో చచ్చిపోయింది పిచ్చిది.

లెనార్డ్‌కి మాత్రం ఆ ఊరు బాగా ఒంటబట్టింది. నది మీద మనుషులు నడవడానికే ఒక పాత వంతెన ఉందట. రోజూ దాని మీద అటూ ఇటూ నడిచేవాడు. హార్డ్‌వేర్ కొట్టు ముందు బెంచీ మీద తనలాంటి ముసలాళ్లని పోగేసుకున్నాడు. అక్కడ ఏ మాటా తొందరగా తెమలదు, ఆయనకి కావలసిందీ అదే. మొహంలోకి రంగు వచ్చిందని, మెట్లెక్కినా ఆయాసం లేదని బెర్నడీనే చెప్పింది. చెప్పిన నోటితోనే, "నాకే ఇక్కడ గాలి ఆడట్లేదు," అంది.

అక్కడ కూడా ఆమె క్యాష్ కౌంటర్ ఉద్యోగంలోనే చేరింది. తన చేతి చురుకు చూస్తే వాళ్లకి మతిపోతుందనుకుంది. మతి పోయిందిగానీ ఆమె అనుకున్నట్టు కాదు. ఒకరోజు ఒక ముసలావిడ వచ్చి, సరుకులు పెడుతూ తన అక్క పోయిన సంగతి మొదలుపెట్టింది. వెనక వరస పెరుగుతోంది. బెర్నడీన్ ఆవిడ గుడ్ల అట్ట తెరిచి చూసి, పగిలినవి ఉంటే తనే వెళ్లి వేరే అట్ట తెచ్చి సంచిలో పెట్టి, ఎంతయిందో చెప్పి, తర్వాతెవరంది. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని మేనేజరు దగ్గరికెళ్లింది. గుడ్లు మార్చిన సంగతి ఎవరూ చూడలేదు.

మేనేజరు ఆమెని గదిలోకి పిలిచి కుర్చీ వేశాడు. "బెర్నడీన్ గారూ, మీ పనికి వంక పెట్టడానికి లేదండీ," అన్నాడట. "కాకపోతే మన దగ్గరికి వచ్చేవాళ్లు సరుకుల కోసమే రారు కదండీ. నాలుగు మాటలు చెప్పుకుందామని వస్తారు." ఆ తర్వాత ఆమెని కౌంటర్ నుంచి తీసి వెనక గోడౌన్‌లో పెట్టెలు విప్పే పనికి వేశాడు. అదీ నవ్వుతూనే.

ఆ ఆదివారం ఆమె గొంతు నేను గుర్తుపట్టలేదు. "తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, ఫిలిస్. నవ్వుతూ తీసేశాడే. నేనేం చెయ్యను?"

ఆ మేనేజరు మీద నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అక్కడి లెక్కలో అతను చేసింది మర్యాదేనని తెలిసినా మండుతుంది.

తర్వాత ఫోన్లలో ఫిర్యాదులు తగ్గిపోయాయి. మాటలే తగ్గిపోయాయి. ఉద్యోగం మానేసి, పగలంతా కర్టెన్లు వేసుకుని పడుకుంటోందనీ, తిండి సరిగ్గా తినడం లేదనీ లెనార్డ్ ద్వారా తెలిసింది. ఒకనాడు ఆయనే ఫోన్ చేసి, వచ్చేస్తున్నామన్నాడు. మతి ఉందా, డాక్టరు చెప్పింది మర్చిపోయావా అని నేను గట్టిగానే అరిచాను.

"పార ముట్టుకోనని బెర్నీకి ఒట్టేశాను," అన్నాడు. "ఇక్కడ నేను బాగానే ఉన్నా ఫిలిస్. బాగా లేనిది అదే. శుక్రవారాలు మన చర్చి కింది హాల్లో వేయించే చేపల మీద నాకు బెంగగా ఉందని దానికి చెప్పా. నమ్మింది. నువ్వు పాడుచెయ్యకు."

నేను పాడుచెయ్యలేదు. ఆ ఇంట్లో ఉన్న బంధువు ఖాళీ చేశాడు, ఆకులు రాలే వేళకి వాళ్లు దిగారు. దుకాణం వాళ్లు బెర్నడీన్‌కి పాత కౌంటరే ఇచ్చారు. ఆమె నిలబడిన మొదటి రోజు నేనూ వెళ్లాను. ఎన్నాళ్లు ఊరేగుతావు, ఆ కొత్త పిల్ల చేతిలో మా ప్రాణాలు పోయాయి అని వరసలో ప్రతివాడూ సణిగాడు. ఒక్కడూ బాగున్నావా అనలేదు. బెర్నడీన్ మొహం వెలిగిపోయింది.

చలికాలం వచ్చింది. మంచు తీసే మోటారు మెషీను ఒకటి కొనుక్కున్నాను. పొద్దున్నే నా ఇంటి ముందూ వాళ్ల ఇంటి ముందూ నేనే తీసేదాన్ని. తీస్తూ తలెత్తితే కిటికీలో లెనార్డ్ కాఫీ కప్పుతో నిలబడి ఉండేవాడు. చెయ్యి ఊపేవాడు కాదు. నాకు సూప్ తెచ్చిచ్చాడు, తలుపు బందులు బిగించాడు, గేరేజీలో లైటు మార్చాడు. అయినా ఆయనకి తీరలేదు. ఒకరోజు నా వంటింట్లో కూర్చుని మనసులో మాట బయటపెట్టాడు. "ఆడమనిషివి నువ్వు తీస్తుంటే నేను చూస్తూ నిలబడుతున్నా. వీధి అంతా చూస్తోంది. అక్కడైతే ఎవడి ముందూ మంచుండదు, ఎవడికీ సిగ్గుండదు."

వీధికి నీ గుండె సంగతి తెలుసు, నోరుమూసుకుని సూప్ తాగు అన్నాను. ఆయన నవ్వాడు గానీ నా మాట లోపలికి వెళ్లలేదు.

జనవరి ఆఖర్న నాకు జ్వరం పట్టుకుంది. మందు వేసుకుని పడుకుంటే పొద్దెక్కినా మెలకువ రాలేదు. రాత్రి మంచు మోకాలి లోతున పడింది. బెర్నడీన్‌ది పొద్దుటి డ్యూటీ. ఆ మంచులోనే కాళ్లీడ్చుకుంటూ బస్సుకి వెళ్తూ, మధ్యాహ్నం తను వచ్చాక మనిషిని పిలిపిస్తాననీ, గడప దాటవద్దనీ ఆయనకి చెప్పి వెళ్లింది. సరేనన్నాడట.

ఉత్తరాలు పంచే ఆయన నా తలుపు బాదితే లేచాను. లెనార్డ్ నా ఉత్తరాల పెట్టె పక్కన మంచులో బోర్లా పడి ఉన్నాడు. నా గుమ్మం నుంచి రోడ్డు దాకా నేల కనపడేలా మంచు తీసి ఉంది. మెట్ల మీద ఉప్పు కూడా చల్లాడు. వాళ్లింటి వైపు అసలు పారే పడలేదు. ఆయన శరీరం అప్పటికే చల్లబడింది.

పేట పేటంతా కదిలొచ్చింది. ఎవరూ ఓదార్పు మాటలు చెప్పలేదు. ఆ వారమంతా ఎవరో ఒకరు చీకటితోనే వచ్చి బెర్నడీన్ ఇంటి ముందు సిమెంటు మెరిసేలా మంచు తీసి వెళ్లారు. ఖననం అయ్యాక చర్చి కింది హాల్లో భోజనాలకి హామ్, బంగాళదుంపలు, ఉడికించిన కజ్జికాయల్లాంటి పిరోగీలు పెట్టి, తలొంచుకుని తిని, ఆమె భుజం మీద చెయ్యేసి వెళ్లిపోయారు. మా వాళ్ల మీద జీవితంలో మొదటిసారి నాకు విసుగేసింది. ఒక్కడైనా నోరు తెరిచి ఆయన గురించి నాలుగు ముక్కలు చెప్పచ్చు కదా అనిపించింది.

చెప్పింది చాటనూగా వాళ్లే. లెనార్డ్ తమ్ముడితో పాటు ఆ హార్డ్‌వేర్ కొట్టు బెంచీ ముసలాళ్లిద్దరు, రాత్రంతా కారులో కూర్చుని ఆ మంచులో పడి వచ్చారు. బెర్నడీన్‌కి వాళ్ల పేర్లు కూడా సరిగ్గా తెలియవు. అమ్మా అంటూ ఆమెకి చెరోపక్క కూర్చుని మొదలుపెట్టారు. వంతెన మీద లెనార్డ్ ఎవరితో ఏమన్నాడు, చేపలు పడతానని వెళ్లి టోపీ ఎలా పోగొట్టుకున్నాడు, ఈరీ గురించి ఎవరైనా మాటంటే ఎంత దెబ్బలాడేవాడు. చెప్పిందే చెప్పారు. మనిషి మాట పూర్తికాకుండా తర్వాతెవరు అనే బెర్నడీన్, తర్వాత ఏమైంది, ఇంకా ఏమన్నాడు అని అడుగుతూ కూర్చుంది. వాళ్లు లేస్తామంటే చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

అందరూ వెళ్లాక ఇద్దరం వంటింట్లో మిగిలాం. నాకు జ్వరమే రాకపోయి ఉంటే అని నేనేదో అనబోయాను. ఆమె చెయ్యెత్తి ఆపేసింది.

"నీదేం లేదు. చేపల మీద బెంగన్నాడు చూడు, అది అబద్ధమని నాకు తెలుసు. తెలిసే వచ్చా." తన చేతులు చూసుకుంది. "అక్కడే సణుక్కుంటూ పడి ఉండాల్సింది, ఫిలిస్. నాకేం పోయేది? వినడానికి ఆయనుండేవాడు."