జాయ్ మేడం డిమెన్షియా క్లాసు

జాయ్ మేడం అంటే అమలాపురంలోని ఆ నర్సింగ్ కాలేజీ అమ్మాయిలకు హడల్. ఆమెది రాజోలు. తండ్రి మిషన్ బడిలో పంతులు, ఆ గొంతే ఈమెకూ వచ్చిందంటారు. కొన్నాళ్లు కువైట్‌లో నర్సుగా చేసి, తిరిగొచ్చి ఎమ్మెస్సీ చదివి, మానసిక ఆరోగ్యం సబ్జెక్టు చెప్పడానికి చేరింది. ఆమె క్లాసులో ఆవలింత వస్తే మింగేయాల్సిందే.

డిమెన్షియా, అంటే వయసు మీదపడ్డాక మతి తప్పే జబ్బు, ఆ పాఠం ఆమెకు కంఠతా వచ్చు. లక్షణాలు, మందులు చెప్పేశాక, "రోగి పొరపాటుగా మాట్లాడితే నెమ్మదిగా నిజం గుర్తుచేయాలి" అని బోర్డు మీద రాసేది. పిల్లలు అదే రాసి మార్కులు తెచ్చుకునేవారు.

ఓ ఏడాది మూడో సంవత్సరం పిల్లల్ని బండారులంకలో ఒక నేతపనివాళ్ల ఇంటికి తీసుకెళ్లింది. ఆ ఇంట్లో సూర్యకాంతమని పెద్దావిడ, కూతురు అమ్మాజీ దగ్గర ఉంటోంది. కొన్నేళ్లుగా మతి నిలవడం లేదు. వీళ్లు వెళ్లేసరికి సాయంత్రం కావస్తోంది. ఆవిడ తాళం వేసిన గేటు పట్టుకుని ఊపుతోంది.

"తాళం తియ్యండర్రా! పిల్లలు బడి నుంచి వచ్చేత్తారు. నేను మా ఇంటికెళ్లాలి."

రమ్యశ్రీ అనే అమ్మాయి ముందుకెళ్లి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చెప్పింది. "మామ్మగారూ, మీ ఇల్లు ఇదేనండి. మీ పిల్లలు పెద్దాళ్లయిపోయేరు. అదిగో, ఆవిడే మీ అమ్మాయి."

ముసలావిడ తల తిప్పి అమ్మాజీని చూసింది. నెరిసిన జుట్టు, కళ్లజోడు. ఆవిడ మొహం పాలిపోయింది. "ఈవిడెవరు? నా పిల్లని ఏం చేసేరు?" అంటూ గోడకు ఆనుకుని గుండెలవిసేలా ఏడ్చింది. అమ్మాజీ మెట్టు మీద కూలబడి, "రోజూ ఇదేనండి మేడం" అంది.

తిరుగు ప్రయాణంలో రమ్యశ్రీ వచ్చి జాయ్ పక్కన కూర్చుంది. "మీరు చెప్పినట్టే చెప్పేను మేడం" అంది.

మర్నాడు క్లాసులో జాయ్ పుస్తకం తెరవలేదు. రమ్యశ్రీని కుర్చీలో కూర్చోబెట్టి, "నువ్వే ఆ మామ్మగారివి. ఏదైనా మాట్లాడు. మిగతావాళ్లు తప్పని దిద్దండి" అంది. మొదట అందరూ నవ్వారు. రమ్యశ్రీ ఏం మాట్లాడినా నలువైపుల నుంచీ "కాదండి", "అలా కాదు మామ్మగారూ" అని వస్తుంటే కాసేపటికి ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీ అందరి మీదా కోపం వచ్చేత్తందే" అంది.

"మరేమని ఉంటే బాగుండేది?" అడిగింది జాయ్.

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకూ తెలియదు. పిల్లలు ఆ సంగతి కనిపెట్టారు కూడా. అందుకేనేమో, వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి ధైర్యం చేసింది. "పిల్లలొచ్చేక ఏం పెడతారు మామ్మగారూ అని అడగొచ్చు కదండి?"

ఆ సాయంత్రమే జాయ్ ప్రిన్సిపాల్ జనార్దన్ గారి గదికి వెళ్లి వారానికో మధ్యాహ్నం కావాలంది.

"ఇళ్లకెళ్లి కబుర్లు చెబితే దాన్ని క్లాసంటామాండి?" అన్నారాయన.

"కబుర్లు చెప్పడం మా పిల్లలకి రాదండి. నాకూ రాదు. నేర్చుకోవాలి."

ఆయన పెన్ను బల్ల మీద పెట్టి ఆలోచించి, "సరేనండి, ఈ టెర్మ్ చూద్దాం" అన్నారు.

మళ్లీ వెళ్లేసరికి సూర్యకాంతం గేటు దగ్గరే ఉంది. ఈసారి రమ్యశ్రీ పక్కన నిలబడి, "పిల్లలకి ఏం పెడతారండి?" అంది.

"అటుకులు. బెల్లం, కొబ్బరి కోరు కలుపుతాను."

"కొబ్బరి కోరేరా మరి?"

ఆవిడ ఆగింది. "అయ్యో, లేదే!" అంటూ గేటు వదిలేసి వంటింట్లోకి నడిచింది. అమ్మాజీ పరుగున వెళ్లి కొబ్బరికాయ కొట్టింది. కాసేపటికి నర్సింగ్ పిల్లలంతా వసారాలో వరసగా కూర్చున్నారు. చేతులు కడుక్కోలేదని ఒకమ్మాయి చీవాట్లు తింది. వరస చివర అమ్మాజీ కూడా పళ్లెం పట్టుకు కూర్చుంది.

"నువ్వెవరమ్మాయివే?" అంది తల్లి.

"ఈ ఊరేనండి."

"తిను తల్లీ, మరీ చిక్కిపోయేవు." ఇంకో గుప్పెడు వేసింది. అమ్మాజీ కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది.

ప్రతిసారీ ఇలా కుదరలేదు. ఓ రోజు ఆవిడ పళ్లెం విసిరికొట్టింది. ఇంకోరోజు ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. ఆ రోజుల గురించి కూడా జాయ్ మర్నాడు క్లాసులో మాట్లాడించేది. ఆ టెర్మ్ అయ్యాక మధ్యాహ్నం క్లాసు ఆపమని జనార్దన్ గారు అనలేదు. మరుసటి ఏడు కొత్త బ్యాచ్‌కి పాఠం మొదలుపెట్టేటప్పుడు జాయ్ అమ్మాజీని కాలేజీకి పిలిచింది. "నేనేం చెప్పగలనండి" అని వెనకాడుతూనే వచ్చిందావిడ.

"మిమ్మల్ని గుర్తుపట్టకపోతే బాధగా ఉండదాండి?" అని అడిగిందొక కొత్తమ్మాయి.

"ఆయ్, ఉంటుందండి. ఇంతకుముందు రోజంతా ఉండేది. ఇప్పుడు ఆవిడ పక్కన కూర్చుంటున్నాను, ఏదోటి మాట్లాడుకుంటున్నాం."

ఇప్పుడు జాయ్ పిల్లలు అల్లవరం, ఆలమూరు వైపు ఇళ్లకూ వెళ్తున్నారు. సూర్యకాంతానికి మాటలు బాగా తగ్గిపోయాయి. అయినా రమ్యశ్రీ, చదువైపోయి ఉద్యోగంలో చేరాక కూడా, సెలవు దొరికితే బండారులంక వెళ్లి ఆవిడ చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని వస్తుంది.